ట్రైప్లై మూకుడు: ఆరు వారాలు వండాక

ఒడిశాలో మా రాయగడలో స్టీలు సామాన్ల కొట్టుకెళ్లి మూకుడు అడిగితే కుర్రాడు మూడు రకాలు ముందు పెట్టాడు. పల్చటి స్టీలుది ఒకటి, అడుక్కి మాత్రం మందంగా దిమ్మ అతికించింది ఒకటి, అడుగు నుంచి అంచుదాకా మూడు పొరలున్నది ఒకటి, దాన్నే ట్రైప్లై అంటారు. మూడోదాని ధర 2,150 రూపాయలు. "ఇది తీసుకోండి గురువుగారూ, వేడి ఠక్కున పట్టేస్తాది, గ్యాస్ సగానికి సగం మిగులుతాది" అన్నాడు.

నేను ముప్ఫై నాలుగేళ్లు బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి. కుర్రాడు చెప్పిన రెండు ముక్కలూ తప్పే. అయినా మూకుడు కొన్నాను. ఆరు వారాలుగా మా ఇంట్లో వంట దాదాపు అందులోనే. కొన్నందుకు బాధ లేదు, రెండు విషయాల్లో తప్ప. అవి ముందే చెప్పేస్తే మీరు మిగతాది చదవరు కాబట్టి తర్వాత చెప్తాను.

అసలు పాత మూకుడుకి ఏమొచ్చింది అంటారా? ఏమీ రాలేదు. అది సత్తు మూకుడు, అంటే అల్యూమినియంది. 1998లో పార్వతీపురంలో కొన్నాం, మూడు మిల్లీమీటర్ల మందం, ఎత్తితే చెయ్యి లాగేస్తుంది. మా అమ్మాయి దసరాకి ఇండక్షన్ స్టవ్ పంపింది. సత్తు మూకుడు దాని మీద పెడితే స్టవ్ నాలుగుసార్లు కీచుమని అరిచి ఊరుకుంది. అయస్కాంతం అంటని గిన్నెని అది ఖాతరు చెయ్యదు. పైగా సత్తులో చింతపండు పులుసు ఉంచితే లోపల మచ్చలు పడతాయి, రుచీ మారుతుంది. మా ఆవిడ పులుసు ఎప్పుడూ రాచిప్పలోనే పెడుతుంది, కాబట్టి ఆ గొడవ మాకు పెద్దగా లేదు. ఇండక్షనే అసలు కారణం. కొట్లో అయస్కాంతం ముక్క తీసి మూకుడు అడుక్కి పెట్టి చూశాను. టక్కున అంటుకుంది. కుర్రాడు నన్ను అదోలా చూశాడు.

మూడు పొరలంటే ఏమిటో చెప్పాలి. లోపల ఆహారం తగిలే వైపు స్టెయిన్‌లెస్ స్టీలు, నూటికి క్రోమియం 18 పాళ్లు, నికెల్ 8 పాళ్లు ఉండే రకం. బయట అయస్కాంతం అంటుకునే మరో రకం స్టీలు. ఆ రెంటి మధ్య అల్యూమినియం. మూడింటినీ కలిపి రోలర్ల మధ్య నొక్కి ఒకే రేకుగా చేసి, తర్వాత మూకుడు ఆకారంలో వంచుతారు. వేడంతా పాకించే పని మధ్య పొరది. స్టీలు దానికి తొడుగు మాత్రమే.

ఈ రెండు లోహాలూ మా వైపు వాళ్లకి బంధువుల్లాంటివి. స్టెయిన్‌లెస్‌లో పడే ఫెర్రోక్రోమ్, అంటే ఇనుమూ క్రోమియమూ కలిసిన సరుకు, మా జిల్లాలోనే తేరుబలి ఫర్నేసుల్లో తయారవుతుంది, ఖనిజం సుకిందా నుంచి వస్తుంది. అల్యూమినియానికి మూలమైన బాక్సైటు కొరాపుట్ జిల్లాలో పంచ్‌పత్మలి కొండ మీద తవ్వి, కింద దామన్‌జోడిలో అల్యూమినా పొడిగా మార్చి, లోహంగా కరిగించడానికి అంగుల్ పంపుతారు. నా మూకుడులోది అక్కణ్నుంచే వచ్చిందని కాదు. కాని ఈ కొండల వైపు నలభై ఏళ్లు కాపురం ఉన్నవాడు మూకుడు అంచులో ఆ బూడిదరంగు గీత చూసి ఊరుకోలేడు.

అంచు అన్నాను కదా, కొనేటప్పుడు చూడాల్సింది అదే. కోసి వదిలేసిన అంచయితే రెండు మెరిసే గీతల మధ్య ఒక మసక గీత కనిపిస్తుంది. అది అల్యూమినియం. గీత అంచుదాకా ఉంటే పైదాకా మూడు పొరలున్నట్టు. అడుగు దిమ్మ రకంలో దిమ్మ అయిపోయిన చోట నుంచి ఒంటి స్టీలే. మంట దిమ్మ దాటి పక్కకి నాలిక చాపితే అక్కడే కూర మాడుతుంది. మా మరదలింట్లో ఆ రకం ఉంది, లోపల చుట్టూ నల్లటి మొలతాడు కట్టినట్టు ఉంటుంది.

ఇప్పుడు కుర్రాడి మొదటి మాట, "వేడి ఠక్కున పట్టేస్తాది".

మా ఫోర్‌మ్యాన్ ఒకాయన ఉండేవారు, పోయారు పాపం. కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే చెప్పేవారు: వేడి ఎంత పోతుందో నాలుగే నాలుగు తేలుస్తాయిరా అని. అటు ఇటు వేడిలో తేడా ఎంత, పరుపు (అంటే వైశాల్యం) ఎంత, మందం ఎంత, సరుకు ఏది. మొదటి రెండూ పెరిగితే వేడి ఎక్కువ పారుతుంది, మందం పెరిగితే తగ్గుతుంది, సరుకు గుణం సరుకుది. ఫూరియే అనే ఫ్రెంచి ఆయన 1822లో పుస్తకంగా వేసిన లెక్క ఇదేనని తర్వాతెప్పుడో తెలిసింది. సరుకు గుణానికి అంకెలున్నాయి. మీటరు మందం, చదరపు మీటరు పరుపు ఉన్న దిమ్మకి అటూ ఇటూ ఒక్క డిగ్రీ తేడా ఉంటే ఎన్ని వాట్ల వేడి దాటుతుంది అన్నదే ఆ అంకె. రాగికి 400 దరిదాపు, అల్యూమినియానికి 230, ఇత్తడికి 110, పోత ఇనుముకి 50, స్టెయిన్‌లెస్ స్టీలుకి 16. కర్రకి ఒకటి కూడా రాదు. కదలని గాలికి 0.026.

స్టీలుకి 16 చూసి, "అయితే స్టీలు గిన్నెలో వేడి పైకి రానేరాదు" అనుకుంటారు చాలామంది. అక్కడే పప్పులో కాలేస్తారు. గిన్నె మందం మీటరు కాదు కదా, మిల్లీమీటరు. ఇంటి బర్నర్ మీద పాతిక సెంటీమీటర్ల అడుగులోకి ఒకటిన్నర కిలోవాట్ల వేడి ఎక్కుతోందనుకోండి. ఒక మిల్లీమీటరు స్టీలుని దాటడానికి దానికి కావలసిన తేడా రెండు డిగ్రీలే. రెండే! మంటకీ గిన్నెకీ మధ్య మాత్రం వందల డిగ్రీల తేడా ఉంటుంది. వేడికి అసలు అడ్డు గిన్నె బయటి వాయువుల పొర దగ్గరే, లోహంలో కాదు. కాబట్టి రాగి పెట్టినా, స్టీలు పెట్టినా, మూడు పొరలు పెట్టినా నీళ్లు మరిగే టైము ఇంచుమించు అంతే. లీటరు నీళ్లతో చూశాను, పల్చటి స్టీలుకీ దీనికీ అరనిమిషం తేడా కూడా లేదు. గ్యాస్ సగం మిగలడం అనేది డబ్బా మీద అచ్చువేసిన కబురు.

మరి రెండువేల చిల్లర ఎందుకు పోసినట్టు? పక్కలకి పాకడం కోసం.

బర్నర్ మంట ఉంగరంలా వస్తుంది. ఆ ఉంగరం మీది వేడి మధ్యకీ అంచులకీ పాకాలంటే లోహంలో అడ్డంగా పది పన్నెండు సెంటీమీటర్లు ప్రయాణం చెయ్యాలి. దారి మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటర్లకి మారేసరికి సరుకు గుణం బయటపడుతుంది. ఇక్కడ మందం అడ్డు కాదు, చుట్టం. పల్చటి గొట్టంలో కంటే లావు గొట్టంలో నీళ్లు ఎక్కువ పారినట్టు, అడ్డంగా పాకడానికి మందం ఎంతుంటే అంత మంచిది. సరుకు అంకెని మందంతో గుణించి చూడండి. మిల్లీమీటరు స్టీలుకి 16. నా కొత్త మూకుడు మొత్తం మందం డబ్బా మీద 2.5 మిల్లీమీటర్లని ఉంది, నా పాత వెర్నియర్‌తో కొలిస్తే 2.4 వచ్చింది. మధ్య పొర ఒకటిన్నర అనుకుంటే 345, స్టీలు తొడుగుతో కలిపి 360. అంటే ఇరవై రెట్ల పైమాట. అయిదు మిల్లీమీటర్ల పోత ఇనుప పెనానికి 250. మా సత్తు మూకుడుకి? మూడింతల 230, దగ్గర దగ్గర 690. గిన్నెలకి వాడే అల్యూమినియం కల్తీలేని సరుకు కాదు కాబట్టి కొంచెం తగ్గించుకోండి. తగ్గించినా ఈ పోటీలో పాత ముసలిదే గెలిచింది. కొట్టువాళ్లకి ఈ మాట నచ్చదు.

కాగితం మీద లెక్క కాదు, కళ్లతో చూద్దామని మైదాపిండి పరీక్ష పెట్టాను. గుప్పెడు పిండి జల్లెడతో మూకుడు అడుగంతా పల్చగా చల్లి, సన్నసెగ మీద పెట్టి కదపకుండా చూడటమే. పక్కింటి ఒడియా మౌసీ దగ్గర పల్చటి స్టీలు మూకుడు అరువు తెచ్చాను. నాలుగు నిమిషాలకి బర్నర్ కన్నాల వరస అచ్చు గుద్దినట్టు గోధుమరంగు చుట్టు లేచింది. ఆరో నిమిషానికి ఆ చుట్టు నల్లబడి పొగలు, మధ్యలో మాత్రం పిండి పిండిలాగే తెల్లగా ఉంది. కొత్త మూకుడులో ఆరు నిమిషాలకి అడుగంతా మారీ బిస్కెట్ రంగు, గోడల మీదకి ఎక్కేకొద్దీ నెమ్మదిగా తెలుపు. చుట్టు ఉందని తెలిసినవాడు వెతికితే లీలగా కనిపిస్తుంది, అంతే. పాత సత్తులో ఆ లీల కూడా లేదు.

"ఏటండీ ఈ పరీక్షలు, మూకుడు కొన్నారా బాయిలర్ కొన్నారా" అంది మా ఆవిడ. ఆమె పరీక్ష వేరు. సున్నుండలకి మినప్పప్పు వేయించడం. తెలిసినవాళ్లకి తెలుస్తుంది, ఒక్క గింజ మాడినా పిండంతా చేదు. మొదటిసారి పాత అలవాటు కొద్దీ పెద్ద మంట పెట్టింది, సగం పప్పు మాడింది. మూకుణ్ణి తిట్టింది, నన్ను తిట్టింది. రెండోసారి మధ్యస్తం కంటే తగ్గించి పెట్టింది. పావుగంట తర్వాత పళ్లెంలో పోస్తే గింజలన్నీ ఒకే రంగు, ఎక్కడో ఒకటీ అరా తప్ప. దోసిట్లోకి తీసుకుని వాసన చూసి ఏమీ అనలేదు. మా ఇంట్లో ఏమీ అనకపోవడం అంటే పాసు.

పెద్ద మంట ఎందుకు పనికిరాదంటే, వేడి పక్కలకి బాగా పాకే గిన్నెలో వేడి ఎక్కడా వృథాగా కూర్చోదు, అడుగంతా ఒకేసారి పనిచేస్తుంది. ఉంగరం ఒక్కటే వేగే గిన్నెకి పెట్టే మంట దీనికి పెడితే అన్ని గింజలూ ఒకేసారి మాడతాయి. గ్యాస్ ఏమైనా మిగిలితే మంట తగ్గించడం వల్ల మిగలాలి. ఆరు వారాల్లో తేల్చేంత తేడా నాకు కనబడలేదు.

ఇక అంటుకోవడం. లోపల స్టీలే కాబట్టి అంటుకుంటుంది. మొదటి వారం కోడిగుడ్డు పొరటు మూకుడుకి సగం, కంచాల్లోకి సగం. ఉపాయం ఉంది. ఖాళీ మూకుడు వేడిచేసి నీటిబొట్టు వెయ్యాలి. చుయ్యిమని ఎగిరిపోతే ఇంకా ఆగాలి. బొట్టు ముత్యంలా గుండ్రమై అటూ ఇటూ దొర్లితే అప్పుడు మంట తగ్గించి, నూనె వేసి, కూర వెయ్యాలి. లోహం 200 డిగ్రీల దరిదాపుకి వచ్చినప్పుడే ఆ దొర్లుడు. బొట్టు కింద పల్చటి ఆవిరి పొర పుట్టి దాన్ని మోస్తుంది. ఆవిరికి వేడి దాటించడం చేతకాదు, అందుకే బొట్టు వెంటనే మరిగిపోదు. ఆడుకోవడానికి సరదాగా ఉంటుంది కాని, బాయిలర్ ట్యూబు లోపల ఇలాంటి ఆవిరి పొర పట్టిందా, మాకు గుండె గుబేలు. మంట వేడిని నీళ్లు తీసుకోలేక ట్యూబు లోహమే ఎర్రబడుతుంది. నీళ్లలోని ఉప్పులు లోపల పక్కు కట్టినా అంతే, మిల్లీమీటరు పక్కుకే లోహం వేడి పదుల డిగ్రీలు ఎక్కుతుంది. నీళ్ల టెస్టు రిజిస్టరు చూడనిదే నాకు నిద్ర పట్టేది కాదు. ఆ టెన్షన్ ఇప్పుడు కోడిగుడ్డు దగ్గరికొచ్చి ఆగింది.

మా మనవరాలు ఏడో క్లాసు, సెలవులకి వచ్చింది. "తాతా, ఒకే వేడి గ్లాసులో పెడితే స్టీలు చెంచా నెమ్మదిగా, రాగిది తొందరగా కాలుతుంది, ఎందుకు?" అంది. చెప్పడం కంటే చూపిద్దామనుకున్నా. స్టీలు చెంచా, సత్తు గరిట, చెక్క గరిట తీసుకున్నాం. రాగి కోసం దేవుడి గదిలో ఉద్ధరిణి తెచ్చింది పిల్ల. దానికి మా ఆవిడ దగ్గర విడిగా క్షమాపణ చెప్పుకున్నాను. నాలుగింటి చివర్లకీ ఒకే ఎత్తులో శనగగింజంత వెన్నపూస పెట్టి, వెన్నలో ఒక్కో మిరియం గుచ్చాం. మరుగుతున్న నీళ్ల గ్లాసు మీద అట్టముక్క మూతలా పెట్టి, కన్నాల్లోంచి కాడల్ని దించాం. అట్ట లేకపోతే ఆవిరే వెన్నని కరిగించి పరీక్ష పాడుచేస్తుంది. ఉద్ధరిణి మిరియం నిమిషం లోపే టప్పున పడింది. సత్తు గరిటది కాసేపటికి జారింది. స్టీలుది ఆరో నిమిషంలో. చెక్కది పడనేలేదు, నీళ్లే చల్లారిపోయాయి. ఇంగెన్‌హౌజ్ అనే ఆయన రెండు వందల ఏళ్ల కిందటే కడ్డీలకి మైనం పూసి ఇదే చేశాడు. మాకు మైనం లేదు, వెన్న ఉంది.

స్టీలు ఎందుకింత బద్ధకం అంటే, లోహాల్లో వేడిని మోసేది ముఖ్యంగా తిరుగాడే ఎలక్ట్రాన్లు. అందుకే కరెంటు బాగా పారే రాగిలో వేడీ బాగా పారుతుంది. వట్టి ఇనుముకి 80 దాకా వచ్చే అంకె, క్రోమియం, నికెల్ కలిపేసరికి 16కి దిగిపోతుంది. పిల్లకి ఇలా చెప్పాను: గురువారం చాటికోనలో నడిస్తే ఈ చివర నుంచి ఆ చివరికి రెండు నిమిషాలు. అదే బుధవారం సంతరోజు వెళ్లు, కొండల మీంచి దిగే డొంగ్రియా గిరిజనుల పసుపు బుట్టలూ, పనసకాయలూ, మనుషులూ. నీ కాళ్లు అవే, దారి అదే, అడుగడుక్కీ ఎవరో ఒకరు తగులుతారు. వేరే లోహాల పరమాణువులు ఇరికించిన ఇనుము సంతరోజు లాంటిది. "మరి అల్యూమినియం?" అంది. అది గురువారం.

ఇక రెండు ఫిర్యాదులు అన్నాను కదా.

మొదటిది, పిడుల్ని బిగించిన రివెట్లు. లోపల నాలుగు బొడిపెలు. వాటి చుట్టూ మసాలా చేరుతుంది, పాత బ్రష్షుతో తోమితే తప్ప పోదు. ఈ ధరకి వెల్డింగ్ పిడులు పెట్టి ఉండొచ్చు.

రెండోది పిడి వేడి. డబ్బా మీద "చల్లని పిడి" అని గొప్పగా ఉంది. అబద్ధం కాదు, సగం నిజం. పిడి స్టీలుది, లోపల బోలు. స్టీలు బద్ధకం ఇక్కడ మనకి లాభం, లోపల గాలి ఇంకా లాభం. చిన్న బర్నర్ మీద పన్నెండు నిమిషాలదాకా ఉత్తచేత్తో పట్టుకోగలిగాను. పెద్ద బర్నర్ మీద ఆరో నిమిషానికే వేలు పెట్టలేకపోయాను. ఎందుకంటే అప్పుడు వేడి మూకుడులోంచి పాకి రావట్లేదు, పక్కల్నుంచి లేచే మంట గాలే పిడిని కాలుస్తోంది. దానికి ఏ లోహమూ ఏమీ చెయ్యలేదు. పిడి ఇంకో రెండంగుళాలు బయటికి పెట్టి ఉంటే సరిపోయేది.

ఆ రోజు నేను చేసిన వెధవ పని కూడా చెప్పాలి. దించుదామని చేతికందిన మసిగుడ్డ తీసి పిడి పట్టుకున్నా. గుడ్డ తడిది. ముప్ఫై నాలుగేళ్లు లాగింగ్ (వేడి పోకుండా గొట్టాలకి చుట్టే తొడుగు) తడిస్తే పనికిరాదని కుర్రాళ్లని తిట్టినవాణ్ణి! పొడిగుడ్డలో మనల్ని కాపాడేది నూలు కాదు, నూలు మధ్య ఇరుక్కున్న గాలి. ఆ గాలి చోట నీళ్లు చేరితే, నీళ్లు గాలి కంటే ఇరవై రెట్లు పైగా వేడిని దాటిస్తాయి. రెండు వేళ్లకి బొబ్బలు. బంగాళదుంప వేపుడు నేల మీద. మా ఆవిడ గిన్నె ఎత్తి ముందు మూకుడు అడుగు వంగిందేమో చూసింది, తర్వాత నా చెయ్యి చూసింది. అడుగు వంగలేదు. ఆ మాట మూకుడు తరఫున రాసుకోండి.

మిగతావి గబగబా. బయట ఇంద్రధనుస్సు రంగులు వస్తే కంగారు పడకండి, నిమ్మచెక్కతో రుద్దితే పోతాయి. ఇండక్షన్ మీద చక్కగా పనిచేస్తుంది. బరువు కిలో పైన, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఫర్వాలేదు, మణికట్టు నొప్పులున్నవాళ్లకి కష్టం. పులుసు, టమాటా, పెరుగు ఏం వండినా లోపల మచ్చ పడలేదు. అట్లు పొయ్యడానికి మాత్రం దీన్ని కొనకండి, అది పోత ఇనుప పెనం పని. దాని బరువుకి అది పట్టి ఉంచుకునే వేడే వేరు, చల్లటి పిండి పడ్డా డీలాపడదు. మౌసీకి ఛెనా పోడొ (పాలవిరుగుడుతో కాల్చి చేసే ఒడియా మిఠాయి) చేసి చూడమని మూకుడు ఇస్తే, వద్దని తన మందపాటి సత్తు గిన్నే వాడుకుంది. ఆమె లెక్క కూడా 690 వైపే ఉన్నట్టుంది.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఇండక్షన్ లేనివాళ్లు, పులుపు వండనివాళ్లు, ఇంట్లో మందపాటి సత్తు మూకుడు ఉన్నవాళ్లు కొననక్కర్లేదు. పల్చటి స్టీలుతో రోజూ అడుగు గీకుతున్నవాళ్లు కొనొచ్చు, అంచు చూసి. మా సత్తు మూకుడు అటక ఎక్కుతుందనుకున్నా గాని, సున్నుండల పప్పుకి మళ్లీ దాన్నే దించింది మా ఆవిడ. పాలు కాచుకోవడానికి మాత్రం ఈ మూడు పొరల రకంలోనే చిన్న గిన్నె ఒకటి తెమ్మంది. వేళ్ల బొబ్బలు మానాక వెళ్తాను.